మోకలో కూర్చుని చేసిన ఇండెక్సులు

కాన్పు సెలవు ఇంకా చాలా మిగిలి ఉండగానే పనిలో చేరతానని చెప్పినప్పుడు, బెంగళూరులో ఉండే మా టీమ్ లీడ్ పక్క గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి, "ఈజీ కెలస కొడ్తీని మేడమ్, టెన్షన్ తగోబేడి" అన్నాడు. కన్నడాయన. సులువైన పనే ఇస్తాను, కంగారు పడొద్దు అని ఆయన దయ. నాకు కంగారేమీ లేదు. అసలు ఏమీ లేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

ఆ సులువైన పని ఏమిటంటే, లైబ్రరీలకు ఇండెక్సులు ముందుగానే తయారు చేసి పెట్టడం. మా నాయనకు చెప్పినట్టే చెబుతాను. మేము ప్రోగ్రాములు రాయడానికి ఎడిటర్ అని ఒకటి ఉంటుంది. అందులో ప్రాజెక్టు తెరవగానే పని మొదలుపెట్టలేం. ఆ ప్రాజెక్టు వాడుకునే లైబ్రరీలను, అంటే ఎక్కడో ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్ మూటలన్నిటినీ, ఎడిటర్ మొదటినుంచి చివరిదాకా చదువుకుంటుంది. ఏ పేరు ఏ ఫైలులో ఎక్కడుందో గుర్తులు రాసుకుంటుంది. ఆ గుర్తులే ఇండెక్స్. అది పూర్తయ్యేదాకా తెర అడుగున ఒక నీలం గీత మెల్లగా జరుగుతూ ఉంటుంది. అంతవరకు ఏం వెతికినా దొరకదు. టీమ్‌లో ప్రతి ఒక్కరూ అవే లైబ్రరీల కోసం, తమ తమ మిషన్ల ముందు అదే గీత చూస్తూ కూర్చుంటారు. దానికి బదులు ఒకరు ఒక్కచోట ఇండెక్స్ తయారు చేసి సర్వర్లో పెడితే, మిగతావాళ్లు దించుకుని వెంటనే పని మొదలుపెట్టొచ్చు. ఆ ఒకరు నేను.

"అంటే బేరానికి వచ్చేవాళ్లు రాకముందే అంగట్లో సరుకు సర్దిపెట్టినట్లా?" అన్నాడు నాయన.

"అట్లే అనుకో నాయనా," అన్నాను.

నాయన పోలికలో లేనిది ఒకటుంది. లైబ్రరీ ఏ వెర్షనైతే ఇండెక్సు కూడా కచ్చితంగా ఆ వెర్షన్‌దే కావాలి. లైబ్రరీలో కాస్త మారినా పాతది పారేసి మళ్లీ మొదటినుంచి చేయాలి. కొన్ని ఎవరూ తెరవకముందే పాతబడిపోతాయి. మామూలుగా ఎవరూ ఇష్టపడని పని ఇది. నాకు మాత్రం సరిగ్గా సరిపోయింది.

నేనప్పుడు బళ్లారి దగ్గరి మా ఊరు మోకలో, పుట్టింట్లో ఉన్నాను. తొలికాన్పుకు వచ్చి ఉన్నాను. మాఘమాసం చలిలో ఒక తెల్లవారుజామున బళ్లారి ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. బతకలేదు. నాకు మత్తు దిగి తెలివి వచ్చేసరికి మగవాళ్లు తీసుకుపోయి, చేయవలసింది చేసి వచ్చేశారు. నేను చూడలేదు. చూస్తే మరిచిపోలేనని పెద్దవాళ్లు అనుకున్నారట. ఎలా ఉందని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గండం గడిచిందని, తల్లి దక్కిందని వచ్చినవాళ్లందరూ అన్నారు. నేను తల ఊపాను.

మా రెండిళ్లలోనూ బిడ్డ భూమ్మీద పడకముందు ఏదీ సిద్ధం చేయకూడదు. గుడ్డపీలిక కూడా కొనకూడదు. ఉయ్యాల తొట్లె దించకూడదు, పేరు అనుకోకూడదు. ఎనిమిదో నెలలో ఫోన్లో చిన్న గౌన్లు చూస్తుంటే మా అమ్మ ఫోన్ లాక్కుని బోర్లించి పెట్టింది. కాబట్టి ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చినప్పుడు ఇంట్లో దాచాల్సింది, ఎత్తిపెట్టాల్సింది ఏమీ లేకపోయింది. గది ఎలా వదిలిపోయానో అలాగే ఉంది. ఒక రకంగా సౌకర్యమే అనుకున్నాను.

ఒంటికి మాత్రం ఆ ఆచారం తెలియదు. మూడోనాటికి పాలు పడ్డాయి. రవికె తడిసింది. నాయన సీజను కాకపోయినా బళ్లారి మార్కెట్లో వెతికి హడగలి మల్లెలు తెచ్చాడు. అమ్మ వాటిని రొమ్ములకు అదిమి గుడ్డతో కట్టింది, పాలు ఇంకిపోవడానికి. పూలు వాడితే మళ్లీ కొత్తవి కట్టేది. ఆ గుడ్డ ముడి బిగించేటప్పుడు మాత్రం అమ్మ నా మొహం చూసేది కాదు. బాలింతకు పెట్టినట్టే వెల్లుల్లి కారం, నెయ్యి అన్నం పెట్టింది. తలకు గుడ్డ కట్టింది, సాంబ్రాణి వేసింది. అన్నీ చేసింది. నేను అన్నీ చేయించుకున్నాను.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మా వైపు పుట్టింట్లో కాన్పయితే, మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తగారింటి ఆడవాళ్లు వచ్చి తల్లినీ బిడ్డనూ పిలుచుకుపోతారు. అత్త ముందు నడవాలి. బిడ్డను ఆమె చేతుల్లో పెట్టాలి. అంతా ఒక పద్ధతి. బిడ్డ లేకపోతే ఎవరు రావాలి, ఎప్పుడు రావాలి, ఏం తేవాలి అన్నది ఏ పెద్దమనిషికీ తెలియదు. బళ్లారి గాంధీనగర్‌లో ఉండే మా అత్త రావాలని మా అమ్మ కాచుకుంది. పిలవకుండా పంపితే కూతురిని నెట్టేసినట్టు ఉంటుందని ఆమె భయం. అవతలివాళ్ల భయం ఏమిటో మాకు తెలియదు.

మా ఆయన వచ్చేవాడు. వాళ్లకు లారీలున్నాయి, సండూరు వైపు గనులకు తిప్పుతారు. ఆ పని మధ్యలో తీరిక చేసుకుని మోకకు వచ్చి, మంచం అంచున కూర్చునేవాడు.

"తిన్యావా?"

"తింటి."

"నొప్పి ఉండాదా?"

"లేదు."

"అమ్మ వస్తానన్యాది. వస్తాదిలే."

పెళ్లికి ముందు ఫోన్లో అంత వాగిన మనిషి. ఇప్పుడు మా ఇద్దరికీ అంతకంటే మాటలు రాలేదు. ఆయన పోయేటప్పుడు అమ్మ డబ్బాలో ఏదో ఒకటి పెట్టి ఇచ్చేది, అత్తకు ఇవ్వమని. ఖాళీ డబ్బా కడిగి తిరిగి వచ్చేది. అత్త మాత్రం రాలేదు. ఫోనూ చేయలేదు. మూడో నెల దాటింది.

ఎందుకు రాలేదో నాకు తెలుసనుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు గాంధీనగర్ ఇంట్లో నేను పని చేసుకుంటుంటే అత్త వాకిట్లో నిలబడి, "ఆ పెట్టె ముందర అంతసేపు కూర్చోవద్దమ్మా, కడుపుకు వేడి తగుల్తాది" అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఆమె మనసులో అదే మాట ఉందని, పెట్టె ముందు కూర్చుని బిడ్డను పోగొట్టిన కోడలి మొహం చూడలేక రావడం లేదని నేను తీర్మానించుకున్నాను. కోపం రాలేదు. అలా అనుకోవడం ఆమె హక్కు అనిపించింది. ఆ ఇంటికి ఇక నేను పోనేమో అని కూడా అనిపించింది. నిజం చెప్పాలంటే అప్పుడు దానికీ బాధ కలగలేదు. నన్ను నేనే దూరం నుంచి చూస్తున్నట్టు ఉండేది.

ఇండెక్సులు మాత్రం చేస్తూ పోయాను. మా గదిలో ఒక పక్క మిరపకాయల బస్తాలు. ఇనుప పెట్టె మీద లాప్‌టాప్ పెట్టుకునేదాన్ని. మిరప ఘాటుకు తుమ్ములు వచ్చేవి. ఒక లైబ్రరీ ఎంచుకోవడం, వెర్షన్ సరిచూసుకోవడం, నొక్కడం, గీత జరుగుతుంటే చూడటం. ఆ గీతను చూస్తున్నంతసేపు ఎవరూ నన్ను పలకరించరు. పని చేసుకుంటోంది అనుకుంటారు. నిజానికి ఏమీ చేయని మనిషికి అంతకంటే మంచి మాటు ఏముంటుంది. గీత చివరికి వస్తే కాస్త నిరాశగా ఉండేది. వెంటనే ఇంకొకటి మొదలుపెట్టేదాన్ని. అడిగిన లైబ్రరీలకు చేసేశాక అడగనివాటికి కూడా చేయడం మొదలుపెట్టాను.

ఒకరోజు అమ్మ మజ్జిగ తెచ్చి పక్కన నిలబడింది.

"ఏం చేస్తాండావు మ్మే అంతసేపు?"

"వాళ్లకు కావాల్సినవన్నీ ముందే చేసి పెడ్తాండా. వాళ్లు అడగకముందే."

అమ్మ ఏదో అనబోయి ఆగింది. గ్లాసు పెట్టెపై పెట్టి, చెంగుతో దాని అడుగు తడి తుడిచి, వెళ్లిపోయింది. ఆమె ఏమనబోయిందో నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మా అమ్మ నమ్మకం. అందుకే ఇంట్లో ఎవరం ఏదీ బయటపెట్టేవాళ్లం కాదు.

ఆ రోజుల్లోనే మా టీమ్ వాడే ఒక పెద్ద లైబ్రరీకి కొత్త వెర్షన్ వస్తుందన్నారు. ఇంకా రాలేదు. దాని ముందస్తు ప్రతి ఒకటి పరీక్ష కోసం విడుదలైతే, నేను దానికే ఇండెక్స్ చేసి పెట్టేశాను. పొద్దుటి మీటింగులో ఆ సంగతి చెప్పాను. మా టీమ్‌లో కర్నూలతను ఒకడున్నాడు, అందరినీ ఆటపట్టించే మనిషి. అలవాటు కొద్దీ అందుకున్నాడు.

"ఇంకా లైబ్రరీనే రాలేదు, అప్పుడే ఇండెక్సా మేడమ్. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్లుండాది మీ పని."

తెలుగు తెలిసిన ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆ నవ్వు సగంలో తెగిపోయింది. ఒక్కొక్కరి మైకు ఆగిపోవడం తెర మీద కనిపించింది. చివరికి అతనిదీ ఆగిపోయింది. టీమ్ లీడ్‌కు తెలుగు రాదు, ఏమైందో తెలియక "హలో, హలో" అంటున్నాడు. నాకు అతని మీద జాలి వేసింది. ఎంతో కాలానికి నాకు వేరేవాళ్ల గురించి ఏదో అనిపించడం అదే మొదలు. "అసలు వెర్షన్ వచ్చినాక మళ్లీ చేస్తాను, ఏం పర్లేదు" అని చెప్పి నా వంతు ముగించాను. తర్వాత అతను పెద్ద మెసేజ్ పెట్టాడు. "పని గురించే కదా అన్నారు" అని జవాబిచ్చాను.

అసలు వెర్షన్ ఎండలు ముదిరాక వచ్చింది. వచ్చే సోమవారం నుంచి టీమ్ అంతా దానికే మారాలని, అప్పటికి ఇండెక్సులు సర్వర్లో ఉండాలని లీడ్ చెప్పాడు. సర్వర్ మీదే తయారు చేయించుకునే ఏర్పాటుకు మాకు ఇంకా అనుమతి రాలేదు. నా లాప్‌టాప్‌లో చేసి పైకి ఎక్కించాల్సిందే. తయారైతే అయ్యాయి గాని, ఎక్కించడం మోకలో నా వల్ల కాలేదు. ఫోను సిగ్నల్‌తో అంత పెద్ద ఫైళ్లు సగందాకా పోయి తెగిపోయేవి. మిద్దె ఎక్కి, చీర కొంగు నెత్తిన వేసుకుని, ఎండలో ఫోను పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ తెగింది. కింద నుంచి నాయన, "ఒళ్లు ఇంకా పచ్చిగా ఉండాది, ఎండలో ఏంది ఆ పని" అని కేక వేశాడు.

కిందికి దిగి, ఆలోచించకుండానే అన్నాను. "గాంధీనగర్ ఇంట్లో మంచి నెట్ ఉండాది నాయనా. ఆడికి పోయి ఎక్కించి వస్తా."

అమ్మ నాయన వైపు చూసింది. నాయన భుజం మీద తువ్వాలు సర్దుకుని, "అట్లయితే పదకొండు గంటల బస్సు ఉండాది" అన్నాడు. ఆయన మొహంలో బరువు దిగినట్టు కనిపించింది. పిలవకుండా పోవడానికి ఏ పద్ధతీ లేదు. నెట్ కోసం పోవడానికి పద్ధతి అక్కర్లేదు.

బయల్దేరుతుంటే అమ్మ చాటలో బియ్యం, ఎండు కొబ్బరి, రవికె గుడ్డ పెట్టుకుని వచ్చింది. అత్తగారింటికి పోయే కూతురికి ఒడి నింపకుండా ఆమె ఎన్నడూ పంపదు. నా ఎదురుగా వచ్చి ఆగింది. నేను భుజానికి లాప్‌టాప్ సంచి తగిలించుకుని నిలబడ్డాను. ఒడి పట్టాలో వద్దో నాకూ తెలియలేదు.

"రెండు దినాల్లో వస్తావు కదా," అంది అమ్మ.

"వస్తా."

"నెట్టు కోసం పోయేదానికి ఒడి యాల," అని తనకు తానే చెప్పుకుని చాట లోపలికి తీసుకుపోయింది. తిరిగి వచ్చి నా చేతిలో ఎండు జొన్నరొట్టెల మూట పెట్టింది. అవి పాడు కావు.

గాంధీనగర్ ఇంటి తలుపు అత్తే తీసింది. మా ఆయన గనుల వైపు పోయి ఉన్నాడు. ఆమె చిక్కిపోయింది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి, నా వెనక ఎవరైనా వచ్చారా అని చూసి, "వచ్చినావా" అంది.

"నెట్ కోసం వచ్చినా అత్తా. పని ఐనంక పోతా."

"కాళ్లు కడుక్కో," అంది. పక్కకు తప్పుకుంది.

హాల్లో వైరు తగిలించి, ఫైళ్లు ఎక్కించడం మొదలుపెట్టాను. ఇక్కడ ఆగకుండా పోతున్నాయి. అత్త బొరుగులు నానబెట్టి వగ్గాణి చేసి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి, ప్లేటు నా దగ్గర ఉంచి వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల గిన్నెలు కడుగుతున్న చప్పుడు. కడిగినవే మళ్లీ కడుగుతోందని అర్థమైంది. పెట్టె ముందు కూర్చోవద్దని ఆమె ఈసారి అనలేదు. అంటే బాగుండేది అనిపించింది.

ఉక్కకు ఒళ్లంతా తడిసిపోయింది. కుట్లు పడిన చోట ఒరుసుకుంటోంది. మెత్తటి చీరేదైనా కట్టుకుందామని మా గదిలోకి పోయి బీరువా తెరిచాను. రోజూ ఇంట్లో కట్టుకునే ఆకుపచ్చ నూలుచీర ఒకటి ఉండేది నాకు. ఉతికి ఉతికి పలుచబడింది. అది కనిపించలేదు. అరలన్నీ చూశాను. ఇవతలికి వచ్చి వంటింటి గడప దగ్గర నిలబడి అడిగాను.

"అత్తా, నా ఆకుపచ్చ నూలుచీర యాడ ఉండాది?"

గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె కొళాయి కట్టేసి, తడిచేతులతోనే నేల మీద కూర్చుంది.

"నేను కోసేస్తి," అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు కాన్పుకు మోకకు పోయినంక కోస్తి. అది శానా మెత్తగా ఉండె. మీ మామవి పాత పంచెలు రెండు కలిపి బొంత కుడ్తి. మధ్యాన్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చొని కుడ్తాంటి. కొనకూడదంటారు గాని కుడితే ఏమైతాది లే అనుకుంటి." కొంగుతో చేతులు తుడుచుకుంది. అప్పటికే తడి లేదు. "నాకు తెల్సమ్మా ముందే చేయకూడదని. తెల్సీ చేస్తి. ఆశ తట్టుకోలేకపోతి. నా చేతులతో నేనే చేసుకుంటి. ఇంగ ఆ మొగం పెట్టుకొని మోకకు ఎట్ల వచ్చేది? మీ అమ్మ ఎదురుగా ఎట్ల నిలబడేది?"

ఇన్ని నెలలు ఆమె నన్ను తప్పు పడుతోందనుకుని నేను మోకలో కూర్చున్నాను. ఆమె ఇక్కడ ఇలా కూర్చుని ఉంది. ఆమె తప్పేమీ లేదని చెప్పాలి. చెప్పాలని తెలుసు. కానీ నా నోటికి వేరే మాట వచ్చింది.

"ఆ బొంత యాడ ఉండాది అత్తా?"

ఆమె తలెత్తింది. ఆ రోజు నా కళ్లలోకి చూడటం అదే మొదటిసారి.

"ఆసుపత్రికి సంచిలో పెట్టుకొస్తి, ఎవరికీ చెప్పకుండా. నర్సమ్మ పాపను తెచ్చి నా చేతికే ఇచ్చె. ఆసుపత్రి గుడ్డలో చుట్టి ఇచ్చె. గరుగ్గా ఉండె అది. అది తీసేసి మన బొంతలో చుట్టి పంపిస్తి. చలిగా ఉండె కదమ్మా బయట."

నేను గడప దాటి లోపలికి పోయి నేల మీద కూర్చున్నాను. ఆ బిడ్డను చూసిన మనిషి, చేతుల్లోకి తీసుకున్న మనిషి నా ఎదురుగా ఉంది.

"ఎట్లుండె?" అన్నాను.

"జుట్టు శానా ఉండె. నల్లగా, నుదుటి మీద పడతా ఉండె. చెవులు మీ నాయనవే. గడ్డం నీది." ఆమె తన అరచేయి తెరిచి చూసుకుంది. "నిద్రపోతాండే బిడ్డ మాదిరే ఉండె."

"బొంత సరిపోయెనా?"

"పెద్దదయ్యె," అంది అత్త. "మూడేండ్లదాకా కప్పుకుంటాది లే అని పెద్దగా కుడ్తి. రెండు మడతలు వేసి చుట్టినా."

అప్పుడు ఏడ్చాను. ఆసుపత్రిలో రాలేదు, పాలు పడినప్పుడు రాలేదు. మూడేళ్ల పిల్ల కాళ్లు బయటకు రాకుండా ఆ బొంత కప్పుకుని పడుకోవడం కళ్లకు కట్టింది. ఒక్కసారిగా పొట్టలోంచి వచ్చింది, కుట్లు లాగాయి. అత్త నా తల తన ఒళ్లోకి లాక్కుంది. ఆమె కూడా ఏడ్చింది. నీ తప్పు లేదని ఆమెకు అప్పుడు చెప్పాను. చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది.

ఫైళ్లు ఎప్పుడు ఎక్కడం పూర్తయ్యాయో చూసుకోలేదు. సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను.

"పని అయ్యెనా మ్మే?" అంది అమ్మ.

"అయ్యె. నా బట్టలు మిగిలినవి నాయన చేత పంపించు."

"మీ అత్త ఉండమన్యాదా?" అంది అమ్మ.

"లేదు. పాపను ఎత్తుకునింది ఆమె ఒగతే. నేను ఆమె దగ్గరనే ఉంటా," అన్నాను.